వర్క్‌షాప్ మాస్టారు: రాగికీ అల్యూమినియానికీ పొత్తు కుదిరేనా?

ప్రశ్న: మాస్టారూ, నేను బోరు మోటార్లు బాగు చేస్తాను. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు అల్యూమినియం, స్టార్టరు వైరు రాగి. రెండూ మెలేసి టేపు చుడితే ఏడాది తిరక్కుండానే కాలిపోతున్నాయి. రాపిడితో రెండు లోహాల్నీ అతికే వెల్డింగ్ ఉందట కదా, మా లేత్ మిషను మీద చేసుకోవచ్చా?
(మోటార్ మెకానిక్, నరసన్నపేట)

జవాబు: వద్దు బాబూ. ఆ ముచ్చట నేను తీర్చుకున్నాను కాబట్టే చెబుతున్నాను.

విజయనగరంలో టర్నర్ కుర్రాళ్లకు పాఠాలు చెప్పే రోజుల్లో, ఒక ఆదివారం ఎవరూ లేకుండా చూసి పాత లేత్ దగ్గర చేరాను. లేత్‌లో తిరిగే పట్టు చక్‌లో రాగి కడ్డీ, ఎదురుగా తిరగకుండా ఉండే టెయిల్‌స్టాక్‌లో అల్యూమినియం కడ్డీ బిగించి, తిప్పుతూ నొక్కాను. అల్యూమినియం మెత్తబడి పుట్టగొడుగులా విచ్చుకుంది. రాగి మాత్రం చెక్కుచెదరలేదు. పట్టుకుందిలే అని మోటారు ఆపాను. లేత్ ఠక్కున ఆగదు కదా, ఇంకొన్ని చుట్లు తిరిగి గానీ ఆగదు. అప్పుడప్పుడే పట్టుకుంటున్న అతుకు ఆ తిరుగుడుకి మెలిపడి ఊడిపోయింది. రెండోసారి ఎలాగో నిలిచింది. వైస్‌లో బిగించి సుత్తితో చిన్నగా కొట్టానో లేదో, టిక్కుమని విరిగింది. చూస్తే రాగి ముఖం మీద అక్కడక్కడా తెల్లటి మచ్చలే, మిగతాదంతా ఎర్రగా ఖాళీ.

ఇందులో కిటుకు ఏమిటంటే, అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, రాగి 1085 దగ్గర. మామూలు వెల్డింగ్ చేస్తే రాగి కరిగేలోపు అల్యూమినియం నీళ్లయిపోతుంది. పోనీ కరిగి కలిశాయే అనుకోండి, రెండూ కలిసి గాజులా పెళుసైన కొత్త పదార్థాల్ని పుట్టిస్తాయి. వాటికి బలమూ ఉండదు, కరెంటూ సరిగా పారదు. రాపిడి వెల్డింగ్‌లో ఏ లోహమూ కరగదు. ఒకటి తిరుగుతుంటే రెండోది ఒత్తుకుంటుంది. రాపిడి వేడికి మెత్తబడిన లోహం పై తుక్కునీ, అల్యూమినియం మీదుండే ఆక్సైడ్ పొరనీ వెంటబెట్టుకుని పక్కకి పొంగిపోతుంది. లోపలి తాజా లోహాలు ముఖాముఖి అవుతాయి. అప్పుడు తిరుగుడు ఒక్కసారిగా ఆపి, ఇంకా గట్టిగా అదిమి పట్టాలి. అంతా క్షణాల్లో అయిపోవాలి. ఆ పెళుసు పొర అప్పుడూ పుడుతుంది గానీ కొద్ది మైక్రాన్లకే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఆగిపోతే ఫరవాలేదు. వేడి ఎక్కువసేపు ఉన్నకొద్దీ పొర మందమవుతుంది, అతుకు చెడుతుంది. నా లేత్‌కి గట్టి బ్రేకూ లేదు, అంత ఒత్తిడి పెట్టే శక్తీ లేదు. మీ లేత్ కూడా అంతే అయ్యుంటుంది. పైగా కడ్డీ ఎగిరి మొహాన తగిలితే?

మీకు కావలసిన అతుకు బజారులో తయారుగా దొరుకుతుంది. ఎలక్ట్రికల్ షాపులో ‘బైమెటల్ లగ్గు’ అని అడగండి. గొట్టం అల్యూమినియం, బోల్టు బిగించే రేకు రాగి, మధ్యలో రాపిడి వెల్డింగ్. అల్యూమినియం మీద రాగి పూత పూసినవి కూడా అమ్ముతారు, అందుకని రాగి రేకు అంచున ఆకురాయితో ఒక్క గీత గీసి చూడండి. తెలుపు బయటపడితే అది పూతే. లైను ఆపించాకే పని మొదలెట్టండి. వైరు కొసను తీగ బ్రష్‌తో రుద్ది, జాయింటింగ్ పేస్టు పెట్టి, లగ్గు గొట్టంలో దూర్చి, సరైన సైజు డైతోనే (నొక్కే అచ్చుతోనే) క్రింప్ చేయాలి, అంటే గొట్టాన్ని వైరు మీద నొక్కి బిగించాలి. కటింగ్ ప్లేయరుతో నొక్కితే మళ్లీ మొదటికే వస్తారు.

మీ మెలిక ఎందుకు కాలుతోందో కూడా చెప్పాలి. వేడెక్కినప్పుడు అల్యూమినియం రాగికంటే సుమారు మూడో వంతు ఎక్కువ వ్యాకోచిస్తుంది. మోటారు ఆన్, ఆఫ్ అయిన ప్రతిసారీ అతుకు కాస్త వదులవుతుంది, వదులైతే మళ్లీ వేడి. మీది సముద్రం దూరం కాని ఊరు. ఉప్పు తేమ తగిలితే ఆ రెండు లోహాలూ చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి, అందులో తినబడేది అల్యూమినియమే. తెల్లటి పిండిలా రాలుతోందని మీరూ చూసే ఉంటారు.

ప్రశ్న: కడ్డీలు సరే, పలకల సంగతేమిటి? పలకని తిప్పలేం కదా!
(డిప్లొమా విద్యార్థిని, రాజాం)

జవాబు: పలకని కదలకుండా బిగించి, పనిముట్టునే తిప్పుతారమ్మా. దీన్ని ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్ అంటారు. 1991లో ఇంగ్లండ్‌లోని ది వెల్డింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పుట్టింది. మజ్జిగ కుండలో కవ్వంలా, తిరిగే పిన్ను రెండు పలకల సందులో దిగి, మెత్తబడిన లోహాన్ని చిలుకుతూ ముందుకు పోతుంది. రాగి, అల్యూమినియం జతకైతే పిన్నును నడిమధ్య కాకుండా అల్యూమినియం వైపు కాస్త జరుపుతారు.

ప్రశ్న: బండికి కొత్త ఎగ్జాస్ట్ వాల్వు కొన్నాను. అయస్కాంతం కాడకి అంటుకుంటోంది, తలకి అంటుకోవడం లేదు. నకిలీ సరుకు అంటగట్టారా?
(బొబ్బిలి పాఠకుడు)

జవాబు: షాపువాడితో గొడవ పెట్టుకోకండి. చాలా ఎగ్జాస్ట్ వాల్వులు అలాగే చేస్తారు. తల మంటలో ఉంటుంది, దానికి వేడిని తట్టుకునే ఆస్టెనిటిక్ ఉక్కు వాడతారు. దానికి అయస్కాంతం అంటదు. కాడ గైడులో, అంటే దాన్ని నిటారుగా నడిపే గొట్టంలో, రోజంతా పైకీ కిందకీ రాసుకుంటుంది కాబట్టి దానికి గట్టిపరచిన వేరే ఉక్కు. రెండింటినీ కలిపేది రాపిడి వెల్డింగే. కావాలంటే అయస్కాంతాన్ని కాడ కొస నుంచి తల వైపు మెల్లగా జరపండి. పట్టు జారిపోయే చోటే అతుకు ఉన్నట్టు. వేలితో తడిమితే మాత్రం తెలియదు, నున్నగా సాన పట్టేసి ఉంటారు.