లక్ష్మీపూర్‌లో గేరు హ్యాంగర్ దొరకదు తమ్ముడూ

ప్రశ్న: అన్నా, నాది రాయగడ. సంక్రాంతి అయ్యాక ఇద్దరు ఫ్రెండ్స్‌తో నాలుగు రోజులు సైకిళ్ల మీద తిరుగుదామని ప్లాను. లక్ష్మీపూర్, కోరాపుట్, సిమిలిగుడ, దేవమాలి ఎక్కి పొట్టంగి, సుంకి ఘాటీ దిగి సాలూరు, పార్వతీపురం మీదుగా మళ్లీ ఇంటికి. నాది 29 అంగుళాల చక్రాల ఎంటీబీ (కొండదారుల సైకిలు), ముందు మాత్రమే షాకులు, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, వెనక 9 గేర్లు. కాలేజీ బ్యాగు సరిపోద్దా, సైకిలుకే కట్టే బ్యాగుల బైక్‌ప్యాకింగ్ సెట్టు కొనాలా? టెంటు కూడా ఉండాలంటున్నారు. ఏమేం కావాలో లిస్టు పెట్టండి ప్లీజ్.

జవాబు: లిస్టు పెట్టను తమ్ముడూ. పెడితే నువ్వు మొత్తం కొంటావు, కొన్నావు కాబట్టి మొత్తం మోస్తావు, నేను చేసిన పనే అది. మొదటిసారి ఇదే రోడ్డులో వెళ్లినప్పుడు నా బ్యాగులో రెండు పవర్ బ్యాంకులు, చిన్న స్టవ్వు, జీన్స్ ప్యాంటు, అమ్మ కట్టిచ్చిన కిలో జంతికలు ఉన్నాయి. కాకిరిగుమ్మ దాటాక షార్ట్‌కట్ అని మట్టిదారిలో దిగాం, ఎక్కడిదో ఎండుకర్ర వెనక గేర్లో ఇరుక్కుని టక్‌మంది, చూస్తే హ్యాంగర్ విరిగి గేరు ఛైనుకి వేలాడుతోంది. హ్యాంగర్ అంటే గేరుని ఫ్రేముకి పట్టి ఉంచే వేలెడంత అల్యూమినియం ముక్క, దెబ్బ తగిలితే ఫ్రేము బదులు తను విరగడానికే దాన్ని పెడతారు, ఒక్కో ఫ్రేముకి ఒక్కో ఆకారం. నా దగ్గర జంతికలున్నాయి గానీ అది లేదు.

ఆరేడు కిలోమీటర్లు తోసుకుంటూ పోతే సంతలో ఒక ముసలాయన గోనెపట్టా పరుచుకుని పంక్చర్లు వేస్తున్నాడు. గేర్ల సైకిలు ఎప్పుడూ ముట్టలేదన్నాడు. అయినా కింద ఒక నట్టు పెట్టి, పైన మేకు పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేసి ఛైను పిన్ను దించేశాడు, గేరు ఊడదీసి నా చేతిలో పెట్టి, ఛైను కురచ చేసి వెనక మధ్య పళ్లచక్రం మీద బిగించాడు. 30 రూపాయలు. ఆ ఒక్క గేరుతో కోరాపుట్ చేరాను, ప్రతి ఎక్కుడూ నడిచే.

అందుకని ముందు దారిలో దొరకనివి సర్దుకో. మీ ముగ్గురికీ ఎవరి ఫ్రేము హ్యాంగర్ వాళ్లకి, ఛైను తెగితే కలిపే 9 స్పీడు క్విక్ లింకులు రెండు (వేరే స్పీడువి సరిగ్గా పట్టవు), ఛైను పిన్ను దించే ఛైన్ బ్రేకర్ ఉన్న మల్టీటూలు, బ్రేక్ ప్యాడ్లు ఒక జత, మనిషికి రెండు ట్యూబులు. పంపు ముగ్గురికీ ఒకటి చాలు, కానీ నీ ట్యూబుకి సన్న వాల్వు ఉంటే ఊళ్లో పంపు పట్టదు, అడాప్టర్ ఒకటి జేబులో వేసుకో. ప్యాచీలు, సొల్యూషన్ ఎక్కడైనా దొరుకుతాయి. టైరు మాత్రం ఊరి షాపులో ఉన్న 28 ది ఎక్కుతుందిలే అనుకోకు, మన పెద్ద సైకిల్ రిమ్ము 635 మిల్లీమీటర్లు, నీ 29 ది 622, పేర్లు పక్కపక్కనే ఉన్నా అది ఇందులో కూర్చోదు. టైరు కోసుకుపోతే లోపల పెట్టడానికి పాత టైరు ముక్క అరచేయంత ఉంచుకో.

ఇప్పుడు బ్యాగులు. వీపు బ్యాగు వద్దనను గానీ అందులో రెండు కిలోలు మించకు, ఘాటీలో మూడు గంటలు ఎక్కితే ఆ బరువంతా సీటు మీద కూర్చున్న చోటే దిగుతుంది, వీపు తడిసి ముద్దవుతుంది. డబ్బులు ఒక్కదానికే ఉంటే ఫ్రేము మధ్యలో పెట్టే త్రికోణం బ్యాగు కొను, టూల్సూ నీళ్లూ లాంటి బరువులు అందులో, కిందా మధ్యలో ఉంటే బండి ఊగదు. సీటు వెనక బ్యాగులో బట్టలు. నువ్వు పొట్టివాడివైతే 29 చక్రానికీ దానికీ సందు సరిగ్గా ఉండదు, ఎక్కి కూర్చుని చూసి మరీ కొను. దుప్పటి మాత్రం యూరియా బస్తా లోపలి ప్లాస్టిక్ కవర్లో చుట్టి హ్యాండిల్‌కి కట్టేయ్, కట్టడానికి పాత ట్యూబుని పొడుగ్గా కోసిన ముక్కలకి మించినవి లేవు. బ్రేకు పైపులు మడత పడకూడదు, షాకులు పూర్తిగా దిగినప్పుడు మూట టైరుకి తగలకూడదు.

టెంటు వద్దు. కోరాపుట్‌లో, సాలూరులో లాడ్జీలున్నాయి. ఆ బరువుకి బదులు మంకీ క్యాపు, ఉన్ని స్వెటరు, గాలి ఆపే పల్చటి జాకెట్టు పెట్టుకో, దేవమాలి 1672 మీటర్లు, ఒడిశాలోనే ఎత్తైన కొండ, జనవరి తెల్లవారుజామున వేళ్లు కొంకర్లు పోతాయి. దోమల క్రీము మర్చిపోకు, ఇది మలేరియా ఇలాకా.

సుంకి దిగేటప్పుడు ఒకటి. కోరాపుట్ 870 మీటర్లు, సాలూరు వంద పైచిలుకు, ఆ తేడా అంతా నీ ప్యాడ్లే తినాలి. బ్రేకు పట్టుకునే ఉండకు, మలుపు ముందు గట్టిగా వేసి వదిలెయ్. లీవరు మెత్తగా తగిలిందా, లారీలకి దారిచ్చి పక్కన ఆగు, డిస్కు మీద మాత్రం వేలు పెట్టకు, కాలిపోద్ది.

ఇంకోటి, వెళ్లే ముందు ఆదివారం మొత్తం సామానుతో ముప్పై కిలోమీటర్లు గతుకుల్లో తొక్కు, ఇంటికొచ్చాక ఏది ముట్టుకోలేదో అది తీసి మంచం కింద పెట్టెయ్ (టూల్స్ కాదు రా బాబూ).

ప్రశ్న: జయపురం నుంచి గుప్తేశ్వర్ వెళ్దామని అనుకుంటున్నాను సార్. నీళ్లు ఎన్ని మోయాలి? పైపు ఉన్న నీళ్ల బ్యాగు కొనమంటారా?

జవాబు: కొనక్కర్లేదమ్మా, లీటరు సీసాలు రెండు ఫ్రేముకి పెట్టుకోండి. లీటరు నీళ్లంటే కిలో బరువు. బొయిపరిగుడ దాకా హోటళ్లున్నాయి, అక్కడ నింపుకుని ఇంకో లీటరు అదనంగా కట్టుకోండి, ఆ తర్వాత అడవి. లీటరుకని రాసున్న ఓఆర్ఎస్ ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో కలిపి గడగడా తాగేస్తే దాహం ఇంకా పెరుగుద్ది. దారిలో ఎవరింట్లోనైనా చోడి అంబలి ఇస్తే కాదనకండి, నేను రెండు చెంబులు తాగి మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా తొక్కాను.