ప్రిపరేటివ్ క్రొమటోగ్రఫీ మీద మౌలిక పరిశోధన ప్లాంటులో పనిచేసేవాళ్లకి ఉపయోగపడుతుందా?

"లోడ్ ఎంత వేయాలో వేసి చూస్తే తెలిసిపోతుంది కదా, థియరీ ఎందుకు?" అని ఒకరు అడిగారు. ప్రిపరేటివ్ (ప్రిప్) క్రొమటోగ్రఫీ అంటే సిలికా లాంటి పొడి నింపిన గొట్టం (కాలమ్) గుండా ద్రావకంతో మిశ్రమాన్ని పంపి, కావాల్సిన పదార్థాన్ని ఎక్కువ మొత్తంలో విడదీసి పట్టుకోవడం. ఒక్కసారికి వేసే మిశ్రమం మొత్తమే లోడ్. థియరీ లేకపోతే వేసి చూస్తూనే ఉంటాం. శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను.

మా ప్రోడక్టుని వదలని ఇంప్యూరిటీ (మలినం) ఒకటి ఉండేది. పరీక్ష కోసం కొంచెమే వేసే ఎనలిటికల్ కాలమ్‌లో రెండు పీకులూ (గ్రాఫ్‌లో ఒక్కో పదార్థానికి వచ్చే గుట్టలు) చక్కగా విడివిడిగా వచ్చేవి. ప్రిప్ కాలమ్‌లో లోడ్ పెంచగానే మెయిన్ పీక్ ముందుకు జరిగి, ముందువైపు నిటారుగా, వెనక వాలుగా త్రికోణంలా తయారైంది. వెనక రావాల్సిన ఇంప్యూరిటీ ఆ వాలులోకి చొరబడింది. కాలమ్ నుంచి విడివిడిగా పట్టిన భాగాల్లో (ఫ్రాక్షన్లు) సగం మళ్లీ కాలమ్‌కే. సీనియర్లు లోడ్ తగ్గించమన్నారు. తగ్గిస్తే ఎసిటోనైట్రైల్ అనే ద్రావకం డ్రమ్ములకి డ్రమ్ములు ఖాళీ, రాత్రి షిఫ్టులో కూడా రన్‌లే.

ఆర్ అండ్ డీలో ఒక మేడం మాత్రం "ఇంప్యూరిటీని ముందుకి తెద్దాం" అన్నారు. ఆవిడ ప్రిపరేటివ్ క్రొమటోగ్రఫీ థియరీ మీద పనిచేసిన, అమెరికాలోని టెన్నెసీ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా ఉన్న జార్జ్ గియోషాన్ పేపర్లు చదివిన మనిషి. విషయం ఇదీ: కాలమ్‌లోని సిలికా మీద అణువులు పట్టుకునే చోట్లు కొన్నే ఉంటాయి. పలాస వైపు వెళ్లే రైల్లో జనరల్ బోగీ సీట్లలాగే. ప్రోడక్టు ఎక్కువగా ఉన్నప్పుడు ఆ చోట్లన్నీ అదే ఆక్రమిస్తుంది. వెనక రావాల్సిన కాస్త ఇంప్యూరిటీకి చోటు దొరక్క ముందుకొచ్చి ప్రోడక్టులో కలుస్తుంది. అదే ఇంప్యూరిటీ ముందు వచ్చేదైతే ప్రోడక్టు దాన్ని తోసుకుంటూ సన్నటి పట్టీలా బయటికి పంపేస్తుంది. అప్పుడు లోడ్ పెంచడం మనకే లాభం.

కాలమ్‌లో పారే ద్రావకం (మొబైల్ ఫేజ్) పీహెచ్ మార్చాం, వరస తిరగబడి ఇంప్యూరిటీ ముందుకొచ్చింది. మొదటి ఫ్రాక్షన్లు పక్కన పెడితే మిగతాదంతా ప్యూర్.

నా బాధ మన చదువుల మీద. విజయనగరంలో ఎమ్మెస్సీ చదివినప్పుడు క్రొమటోగ్రఫీ అంటే కాలమ్ ఎంత బాగా విడదీస్తుందో లెక్కగట్టే థియరిటికల్ ప్లేట్ల ఫార్ములా, పార్టిషన్ క్రొమటోగ్రఫీ కనిపెట్టిన మార్టిన్, సింజ్‌లకి 1952లో నోబెల్, అంతే. బొగ్గు మీద ఎసిటిక్ యాసిడ్ ప్రాక్టికల్ చేసి, బొగ్గు ఎంత యాసిడ్ పట్టుకుంటుందో చూపే లాంగ్‌మ్యూర్ గ్రాఫ్ కూడా గీశాం. చోట్లు నిండేకొద్దీ ఆ గ్రాఫ్ వంగుతుంది. ప్రిప్ కాలమ్‌లో పీక్ త్రికోణమయ్యేది ఆ గ్రాఫ్ వంపు వల్లేనని ఒక్కరూ చెప్పలేదు. మన జిల్లాల పిల్లలు ఎంతోమంది ఈ మందుల కంపెనీల్లోనే చేరుతున్నారు. ఆ బొగ్గు ప్రాక్టికల్ పక్కనే చిన్న సిలికా కాలమ్ పెట్టి, రెండు రంగులు కలిపి, లోడ్ పెంచుతూ చూపించమని లెక్చరర్లని అడుగుతున్నాను. దానికి ఖరీదైన మెషీన్ అక్కర్లేదు, గాజు గొట్టం చాలు.