రాళ్లు ‘శైథిల్యమయ్యాయి’ అనవచ్చా?

సందేహం: ‘లక్షల ఏళ్లుగా ఎడారి రాళ్లు క్రమక్రమంగా క్రమక్షయం చెంది శైథిల్యమయ్యాయి, వాటిని గాలి వింత ఆకారాల్లో చెక్కింది’ అని ఒక వ్యాసంలో చదివాను. క్రమక్షయం, శైథిల్యం ఒకటేనా? ఈ వాక్యం సరైనదేనా?

సమాధానం: కాదు. ముందు వ్యాకరణం చూద్దాం. ‘శిథిల’ విశేషణం, దాని భావార్థకం, అంటే ఆ స్థితిని చెప్పే నామవాచకం, ‘శైథిల్యం’. రాయి శిథిలమవుతుంది, లేదా శైథిల్యం పొందుతుంది. ‘శైథిల్యమయ్యాయి’ అనడం ప్రవీణుణ్ని ‘ప్రావీణ్యుడు’ అనడం లాంటిదే. ‘క్రమక్రమంగా క్రమక్షయం’లో ఎన్ని క్రమాలున్నాయో మీరే లెక్కపెట్టుకోండి.

ఇక ఆ రెండు మాటలూ ఒకటి కావు. రాయి ఉన్నచోటే బీటలువారి గుల్లబారితే శైథిల్యం. ఆ పొడినీ ముక్కల్నీ నీరో గాలో ఒరుసుకుంటూ తీసుకుపోతే క్రమక్షయం, వాడుకలో ‘కోత’. సాధారణంగా శైథిల్యం ముందు, కోత తర్వాత. వ్యాసకర్త వరస తిరగేశారు.

ఎడారి రాయి పగటి వేడికి ఉబ్బి, రాత్రి చలికి ముడుచుకుని పగులుతుందని చాలాకాలం నమ్మారు. 1936లో అమెరికా భూశాస్త్రవేత్త డేవిడ్ గ్రిగ్స్ ఓ గ్రానైట్ ముక్కను పొడిగాలిలో 89,400 సార్లు వేడిచేసి చల్లార్చారు. అంటే 244 ఏళ్ల పగలూ రాత్రీ. రాయి చెక్కుచెదరలేదు. నీళ్లు చల్లుతూ చల్లార్చినప్పుడు మాత్రం కొద్ది రోజుల్లోనే పగుళ్లు కనిపించాయి. ఎండకు పాత్రే లేదని కాదు గానీ, మంచు తడి, ఎప్పుడో పడే వాన, రాతి రంధ్రాల్లో పెరిగే ఉప్పు స్ఫటికాలు దానికి తోడవ్వాలి. ఆస్ట్రేలియాలోని ఉలురు శిల ఎరుపు, రాతిలోని ఇనుము తుప్పుపట్టగా వచ్చిన రంగు. పైపొర ఊడినచోట లోపలి రాయి బూడిదరంగులో బయటపడుతుంది. దీనికోసం సంస్కృత పదం కట్టే శ్రమ దేనికి? గోడలకు వాడే ‘పెచ్చులూడటం’ మనకు ఉండనే ఉంది.

‘గాలి చెక్కింది’ అన్నచోట వ్యాకరణం తప్పలేదు, కర్త తప్పాడు. గాలి ఇసుకను చాలావరకు నేలకు మీటరు, రెండు మీటర్ల ఎత్తులోపే విసురుతుంది. పైకి అందదు. అమెరికాలో అరిజోనా, యూటా సరిహద్దున మాన్యుమెంట్ వ్యాలీలో 300 మీటర్ల దాకా ఎత్తున్న రాతి బురుజులున్నాయి. అడుగున మెత్తటి షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన పలకరాయి), దానిపైన గట్టి ఇసుకరాయి. షేల్ కోసుకుపోయేకొద్దీ పైరాయి ఆధారం తప్పి పలకలు పలకలుగా కూలుతుంది. పీఠభూమి బల్లపరుపు కొండగా, కొండ బురుజుగా, బురుజు స్తంభంగా చిక్కిపోతుంది. ఇక్కడ ‘అరిగింది’ కూడా అతకదు. యూటాలోనే ల్యాండ్‌స్కేప్ ఆర్చ్ అనే రాతి తోరణం నుంచి 1991లో దాదాపు 18 మీటర్ల పలక ఊడింది. అలాంటిచోట ‘విరిగిపడింది’ అనాలి.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘ఎడారి రాళ్లు తడికీ ఉప్పుకూ ఎండకూ శిథిలమై, విరిగిపడి, వరదల కోతకూ గాలి ఒరిపిడికీ లోనై ఈ ఆకారాలు దాల్చాయి.’ ‘లక్షల ఏళ్లు’ ఆ రూపాలకు చెల్లవచ్చు. రాతి వయసు వేరే లెక్క. ఉలురు రాయి ఏర్పడి సుమారు 50 కోట్ల ఏళ్లు దాటింది.

కొట్టుకుపోయిన ఇసుక మాటకొస్తే, పాఠ్యపుస్తకాలు అన్నిటికీ ‘నిక్షేపణం’ అనే అంటాయి. నీరు వదిలి వెళ్లింది మేట, గాలి పోసింది తిన్నె. వ్యాసంలో ఈ రెండు మాటలూ వాడుకోండి.