టెక్ సందేహాలు: 390 కిలోల బండి, చివరి పది అడుగులు

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. బొబ్బిలిలో వ్యాపారం చేస్తాను. ముప్పై ఏళ్లుగా బుల్లెట్ నడుపుతున్నాను. పిల్లలు స్థిరపడ్డారు కాబట్టి హోండా గోల్డ్ వింగ్ టూర్ కొనుక్కుని, మా ఆవిడతో కలిసి పూరీ, కోణార్క్ మొదలుకుని దూర ప్రయాణాలు చేయాలని ఉంది. అయితే ఆ బండి నడిపినవారి అభిప్రాయాలు చదువుతుంటే అయోమయంగా ఉంది. ఒకరు విమానం అంటారు, ఒకరు చక్రాలున్న సోఫా అంటారు. వెనక్కి నడిచే సదుపాయం దేవుడిచ్చిన వరమని ఒకరు, స్క్రీన్ పాతబడిపోయిందని ఇంకొకరు రాస్తున్నారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: అందరి మాటా నమ్మవచ్చు. అయితే చెప్పినవారు అంతకుముందు ఏ బండి దిగి దీని మీద కూర్చున్నారో తెలుసుకున్న తరువాతే నమ్మాలి. గోల్డ్ వింగ్ 1975లో నాలుగు సిలిండర్ల జీఎల్1000గా మొదలైంది. 1988లో ఆరు సిలిండర్ల జీఎల్1500గా మారింది, 2001లో జీఎల్1800 అయింది, 2018లో పూర్తిగా కొత్త రూపంలో వచ్చింది. ఆ కొత్త రూపాన్ని ఎక్కువగా తిట్టినవారు పాత గోల్డ్ వింగ్ యజమానులే. 2018లో కంపెనీ బరువు తగ్గించే పనిలో పడి 25 లీటర్ల ట్యాంకును 21.1 లీటర్లకు కుదించింది, 150 లీటర్ల దాకా ఉండే సామాను పెట్టెలను 110 లీటర్లకు తగ్గించింది. భార్యాభర్తలు ఇద్దరూ పది రోజుల బట్టలు సర్దుకుని బయలుదేరే ఇంట్లో అది చిన్న సంగతి కాదు. ఆ గొడవ కంపెనీ చెవిన పడినట్టే ఉంది. 2021లో వెనుక పెట్టెను 61 లీటర్లకు పెంచి మొత్తం 121 లీటర్లు చేశారు, వెనుక కూర్చున్నవారు వీపు ఆనించే భాగాన్ని కూడా మరికాస్త వాల్చారు. కనుక మీరు చదివిన అభిప్రాయం 2018, 2020 మధ్య మోడల్ గురించి రాసినదైతే, మీ ఆవిడ సీటు విషయంలో దానిని పూర్తిగా లెక్కలోకి తీసుకోనక్కరలేదు.

వేగంగా పోయే స్పోర్ట్స్ బళ్ల మీద నుంచి వచ్చినవారి అభిప్రాయం ఇందుకు పూర్తిగా వేరు. ఇంత బరువైన బండి మలుపుల్లో ఇంత మాట వింటుందని అనుకోలేదంటూ వారు ఆశ్చర్యపోతారు. దానికి రెండు కారణాలున్నాయి. 1833 సీసీ ఇంజిన్‌లోని ఆరు సిలిండర్లు నిలువుగా కాక, మూడేసి చొప్పున అటూ ఇటూ పడుకుని ఉంటాయి. బరువంతా కిందనే ఉండిపోతుంది కనుక చక్రాలు కదిలిన మరుక్షణం ఆ భారం చేతికి తెలియదు. ఇక ముందు చక్రానికి మనం ఎరిగిన టెలిస్కోపిక్ ఫోర్కుల బదులు, కార్లలో ఉండే డబుల్ విష్‌బోన్ ఏర్పాటు పెట్టారు. గోతిలో పడినప్పుడు చక్రం తన మానాన తాను పైకీ కిందికీ ఆడుతుంది, ఆ కుదుపు హ్యాండిల్ దాకా దాదాపుగా రాదు. నడుపుతూ హ్యాండిల్ దగ్గరికి చూపు దించితే, కింద రెండు కడ్డీలు పిస్టన్లలాగా గబగబా కదులుతూ కనిపిస్తాయి. మీ చేతులు మాత్రం నిశ్చలంగా ఉంటాయి. నేను ఒక మిత్రుడి బండి మీద రణస్థలం నుంచి శ్రీకాకుళం దాకా వెళ్లినప్పుడు రోడ్డును వదిలేసి ఆ కడ్డీలనే చూస్తూ కూర్చున్నాను. నడుపుతున్నది ఆయన కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు మీకు అసలు పట్టవలసిన వర్గం మూడోది: మీలాగా తేలికపాటి బండి నుంచి నేరుగా దీని మీదికి మారినవారు. వారందరి మాటల్లోనూ ఒక సంగతి మళ్లీ మళ్లీ కనబడుతుంది. నూరు కిలోమీటర్ల ప్రయాణంలో లేని భయం, బండి ఆపి నిలబెట్టే చివరి పది అడుగుల్లో పుడుతుంది. గోల్డ్ వింగ్ టూర్ బరువు 390 కిలోలు. మన వీధుల్లో తిరిగే క్లాసిక్ 350 బరువు 195 కిలోలు కనుక, సరిగ్గా రెండు బళ్లను కలిపి కట్టి తోసుకున్నట్టు లెక్క. సీటు ఎత్తు 745 మిల్లీమీటర్లే కావడం వల్ల, 805 ఉన్న క్లాసిక్ కంటే కాళ్లు హాయిగా నేలకు ఆనుతాయి. కానీ కాళ్లు ఆనినంత మాత్రాన 390 కిలోలు ఆగవు. బండి ఒక స్థాయి దాటి ఒరిగితే దాన్ని పట్టుకోవాలని చూడకుండా వదిలేయడమే మంచిదని అనుభవజ్ఞులు చెబుతారు. బండికి గార్డులు ఉన్నాయి, మోకాలికి లేవు.

వెనక్కి నడిచే సదుపాయం విలువ ఇక్కడే తెలుస్తుంది. ఆ మిత్రుడి బండి మీదే వంశధార వంతెన దాటి నరసన్నపేట వైపు వెళుతూ, రోడ్డు వార ఒక టీ దుకాణం ముందు ఆగాం. రోడ్డు అంచు నుంచి దుకాణం దాకా మట్టి, పైగా కిందికి వాలు. టీ తాగి లేచేసరికి బండిని ఆ వాలులో వెనక్కి, అంటే పైకి లాగాలి. మా అవస్థ ఊహించి నలుగురు కుర్రాళ్లు తోయడానికి ముందుకొచ్చారు. మా మిత్రుడు వద్దని చేయి ఊపి, ఎడమ చేతి దగ్గర ఉన్న వాకింగ్ మోడ్ మీట నొక్కి, ఆ పక్కనే ఉన్న మైనస్ గుర్తు బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు. బండి మనిషి నడక కంటే నెమ్మదిగా, తాపీగా వెనక్కి జరుగుతూ తారు రోడ్డు ఎక్కింది. వేలు తీస్తే ఆగిపోతుంది. "ఏటిరా, ఇది ఎనక్కి కూడా ఎల్తాదేటి?" అని ఆ కుర్రాళ్లలో ఒకడు నోరు తెరిచాడు. ఈ వెనకడుగు కొత్తదేమీ కాదు, 1988 నాటి జీఎల్1500లోనే స్టార్టర్ మోటారుతో వెనక్కి నడిపే ఏర్పాటు ఉండేది. దీనిని వయసు మళ్లినవారి సదుపాయమని ఎగతాళి చేసేవారి అభిప్రాయాలు మీరు చదివి ఉంటారు. వారెవరూ ఆ మట్టి వాలులో బండి ఆపినవారు కారు.

క్లచ్ సంగతి కూడా మీరు ముందే తెలుసుకోవాలి. మన దేశంలో అమ్మే గోల్డ్ వింగ్ టూర్‌కు ఏడు గేర్ల డీసీటీ, అంటే గేర్లను బండే మార్చుకునే ఏర్పాటు ఉంటుంది. ఇందులో రెండు క్లచ్‌లు ఉంటాయి. ఒకటి బేసి గేర్లను, రెండోది సరి గేర్లను చూసుకుంటుంది. మూడో గేరులో పోతుండగానే నాలుగోది సిద్ధంగా ఉంటుంది కనుక మార్పు మనకు తెలియనే తెలియదు. ఎడమ చేతికి క్లచ్ లివర్ లేదు, ఎడమ కాలికి గేరు పెడల్ లేదు. ముప్పై ఏళ్ల అలవాటు గల మీ ఎడమ చేయి మొదటి వారమంతా ప్రతి కూడలి దగ్గరా లేని లివర్ కోసం గాలిలో వెతుకుతుంది. అది పెద్ద సమస్య కాదు. అసలు చిక్కు ఇరుకు మలుపుల్లో వస్తుంది. బుల్లెట్ మీద సగం క్లచ్ పట్టి బండిని తిప్పే విద్య ఇక్కడ పనికిరాదు. వెనుక బ్రేకును సన్నగా నొక్కి పట్టి, సమంగా యాక్సిలరేటర్ ఇస్తూ తిప్పాలి. నడక వేగంలో హ్యాండిల్ తిప్పి ఉన్నప్పుడు ముందు బ్రేకు జోలికి వెళ్లకూడదు. నిలువునా పడిపోయిన బళ్లలో చాలా వాటి కథ అదే.

స్క్రీన్ మీద వచ్చిన విమర్శ మాత్రం న్యాయమైనదే. ఏడు అంగుళాల తెర ఎండలోనూ చక్కగా కనిపిస్తుంది కానీ, చేతితో తాకితే పనిచేయదు. అన్నీ గుబ్బ తిప్పి, మీటలు నొక్కి చేయాలి. గ్లౌజులు వేసుకుని నడిపేవారికి తాకే తెర కంటే ఇదే మేలని నా అభిప్రాయం. అయితే 2018లో మోటార్‌సైకిల్‌లో మొట్టమొదటగా ఆపిల్ కార్‌ప్లే (ఐఫోన్‌లోని మ్యాపులు, పాటలను బండి తెర మీద చూపే ఏర్పాటు) తెచ్చిన బండి, వైరు లేకుండా ఫోన్ కలుపుకోవడానికి 2025 దాకా ఆగవలసి వచ్చింది. దీనికి పోటీగా చెప్పే బీఎండబ్ల్యూ కె1600లో 2022 నుంచి 10.25 అంగుళాల తెర ఉంది, 160 హార్స్‌పవర్ ఇంజిన్ కూడా ఉంది, కాని కార్‌ప్లే లేదు. దారి చూపించడానికి ఆ కంపెనీ యాప్‌నే వాడుకోవాలి. ఈ తరహా బళ్లలో ఇంజిన్ ఇరవై ఏళ్లు నిలుస్తుంది, తెర ఐదేళ్లకే ముసలిదవుతుంది. తెరను చూసి బండిని కొనవద్దు, తెరను చూసి వదులుకోవద్దు.

ధర సంగతి క్లుప్తంగా చెబుతాను. బండి జపాన్ నుంచి పూర్తిగా తయారై వస్తుంది. గోల్డ్ వింగ్ 50 ఏళ్ల ప్రత్యేక ఎడిషన్‌ను 2025లో 39.90 లక్షల ఎక్స్‌షోరూం ధరకు ప్రకటించారు. ఆ ఏడాది బడ్జెట్‌లో 1600 సీసీ దాటిన దిగుమతి బళ్ల మీద కస్టమ్స్ సుంకాన్ని 50 నుంచి 30 శాతానికి తగ్గించారు. సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బళ్ల మీద జీఎస్టీ 40 శాతమైంది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టే అయింది కనుక, బుక్ చేసే రోజు ధర ఎంతో కాగితం మీద రాయించుకోండి. దానితోపాటు సర్వీసు ఎక్కడ, టైరు పోతే ఎన్నాళ్లలో తెప్పిస్తారు అన్నవీ రాయించుకోండి. వెనుక టైరు 200 మిల్లీమీటర్ల వెడల్పు, 16 అంగుళాలది. బొబ్బిలిలో కాదు, విజయనగరంలో కూడా వెంటనే దొరకదు.

చివరగా మీ దారి. బొబ్బిలి నుంచి రాజాం మీదుగా చిలకపాలెం చేరి హైవే ఎక్కాలి, లేదా గజపతినగరం, విజయనగరం మీదుగా నాతవలస రావాలి. మొదటి దారి వానాకాలంలో ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఈ బండి అడుగు భాగానికీ నేలకూ మధ్య ఎడం 130 మిల్లీమీటర్లే, క్లాసిక్‌కు 170 ఉంటుంది. ఊరి మధ్య ఎవరో ఇష్టానుసారం కట్టిన స్పీడ్ బ్రేకర్ మీద ఇద్దరు కూర్చుని, పెట్టెలు నింపుకుని వెళితే కింద తగిలే అవకాశం ఉంది. చిలకపాలెం దాటాక మాత్రం ఇచ్ఛాపురం దాకా మీరు చదివిన పొగడ్తలన్నీ నిజమే. లీటరుకు సుమారు 18 కిలోమీటర్ల చొప్పున ఒక ట్యాంకుతో 350 కిలోమీటర్ల పైగా వెళ్లవచ్చు. నన్నడిగితే, కొనే ముందు మీరు చేయవలసిన పరీక్ష హైవే మీద కాదు. షోరూంలో బండి అడిగి తీసుకుని, మీ ఆవిడను వెనుక కూర్చోబెట్టుకుని, ఒక ఇరుకు సందులో వెనక్కి తిప్పి చూడండి. అది ఇద్దరికీ నచ్చితే కొనుక్కోండి.

ప్రశ్న: మా మేనల్లుడు అమెరికాలో 2019 గోల్డ్ వింగ్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. తన ఆండ్రాయిడ్ ఫోన్ కలిపితే బండి తెర మీద మ్యాప్ రావడం లేదట. బండిలో లోపమా? – సాలూరు

జవాబు: లోపం కాదు. ఆ బండి తయారైనప్పుడు అందులో ఆపిల్ కార్‌ప్లే మాత్రమే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లకు అదే పని చేసే ఆండ్రాయిడ్ ఆటోను 2020 జూన్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌గా ఇచ్చారు, అంతకుముందు అమ్మిన 2018 తరువాతి బళ్లకూ అది వర్తిస్తుంది. పాత యజమాని ఆ అప్‌డేట్ చేయించి ఉండరు. డీలర్ దగ్గర చేయించుకోమనండి. అప్పటికీ రాకపోతే అనుమానించవలసింది హెల్మెట్‌ను. ఆ తరం బళ్లలో ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలపడమొక్కటే చాలదు, మైకు ఉన్న హెడ్‌సెట్ కూడా బండికి జోడించి ఉండాలి. అది లేకపోతే తెర మీద ఆ గుర్తే వెలగదు. ఎంతోమంది కేబుళ్లు మార్చి మార్చి విసిగిపోయిన తరువాత కనుక్కునే విషయం ఇది.

ప్రశ్న: నా 350 సీసీ సింగిల్ సిలిండర్ బండి హ్యాండిల్‌కు ఫోన్ స్టాండ్ పెట్టి, ఐఫోన్ అందులో ఉంచి ఆరు నెలలు తిరిగాను. ఇప్పుడు కెమెరాలో అన్నీ వణుకుతూ, మసకగా వస్తున్నాయి. ఇలాంటి పెద్ద టూరింగ్ బండి మీదైతే ఈ బాధ ఉండదా? – పలాస

జవాబు: మీ ఫోన్ కెమెరాలో లెన్స్ బిగించి ఉండదు. చేయి వణికినా ఫొటో చెదరకుండా ఉండేందుకు దాన్ని తేలేటట్టు అమర్చి, గైరోస్కోప్ చెప్పినట్టు అయస్కాంతాలతో అటూ ఇటూ జరుపుతారు. గంటల తరబడి ఒకే తీరున అదిరితే ఆ ఏర్పాటు దెబ్బతింటుంది. ఎక్కువ శక్తిగల మోటార్‌సైకిళ్ల హ్యాండిల్‌కు ఫోన్ బిగించవద్దని ఆపిల్ కంపెనీయే 2021 సెప్టెంబరులో తన వినియోగదారులకు సలహా ఇచ్చింది, స్కూటర్ల వంటి చిన్న ఇంజిన్ల మీద కూడా అదురు తగ్గించే స్టాండ్ వాడమన్నది. గోల్డ్ వింగ్‌లో ఎదురెదురు పిస్టన్లు ఒకదాని కుదుపును ఒకటి రద్దు చేసుకుంటాయి కనుక అదురు చాలా తక్కువ. అయినా అక్కడ ఫోన్‌ను హ్యాండిల్‌కు తగిలించే అవసరమే లేదు, పెట్టెలో పడేసి దారిని బండి తెర మీద చూసుకోవచ్చు. మీరు మాత్రం ఈసారి మ్యాప్ కోసం ఇంట్లో మూలన పడి ఉన్న పాత ఫోన్ వాడండి. ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకుంటే దానికి సిమ్ కూడా అక్కరలేదు. ప్రస్తుత ఫోన్‌కు కెమెరా మార్పించడం తప్ప వేరే దారి లేదు.

ప్రశ్న: 40 లక్షల బండికి ఫాస్టాగ్ వేయించాలా? లైసెన్సు వేరే తీసుకోవాలా? – శ్రీకాకుళం

జవాబు: రెండూ అక్కరలేదు. గేరున్న మోటార్‌సైకిల్ లైసెన్సు ఎన్ని సీసీలకైనా చెల్లుతుంది. జాతీయ రహదారుల మీద ద్విచక్ర వాహనాలకు టోల్ లేదు. మడపాం గేటు దగ్గర మీ ముందున్న నాలుగు లక్షల కారు డబ్బు కడుతుంది, మీరు పక్క సందులోంచి వెళ్లిపోవచ్చు. ఆ సందు వెడల్పు, మీ బండి పక్క పెట్టెల వెడల్పు ముందుగా ఒకసారి చూసుకోండి.