సంచుల మీది ప్రింటు రెండు ఉతుకులకే లేచిపోతుంటే

తప్పు రంగుది కాకపోవచ్చు, బట్టలో ఉన్న గంజిది. నారాయణపేటలో కొన్న తెల్ల మగ్గం కాటన్ మీద, మీరు గీసిన బొమ్మల్ని మీ ఆయన స్క్రీన్ ప్రింట్ వేస్తే పొరలుగా ఊడుతున్నాయన్నారు. పడుగు (నిలువు) దారం తెగకుండా నేతలో గంజి పెడతారు. రంగు నూలుకు పట్టకుండా ఆ గంజికే అంటుకుంటది, ఉతికితే దాంతోనే పోతది.

1. కుట్టకముందే బట్టను రాత్రంతా మామూలు నీళ్లలో నానబెట్టండి. పొద్దున నీళ్లు పిండేసి, లీటరు నీళ్లకు 5 గ్రాముల చాకలి సోడా వేసి అరగంట మరిగించండి. నీళ్లు పసుప్పచ్చగా మారితే మురికి, గంజి దిగుతున్నట్టే. బాగా జాడించి ఆరేయండి.

2. అందరూ వదిలేసేది ఇదే: ఆరిన బట్ట మీద ఒక నీటి చుక్క వేసి చూడండి. వెంటనే ఇంకాలి. ముత్యంలా నిలబడితే మళ్లీ మరిగించాల్సిందే. ఇంకేవరకు స్క్రీన్ ముట్టుకోవద్దు.

3. బైండర్ (రంగును బట్టకు అంటించే జిగురు) 100 గ్రాములకు పిగ్మెంట్ (రంగు) 5 గ్రాములు దాటనీయకండి. ముదురు రంగు కావాలని ఎక్కువ కలిపితే రుద్దినా పోతది.

4. ప్రింటు ఒక రోజు ఆరాక, ఆవిరి లేకుండా కాటన్ వేడి మీద, వెనుక వైపు నుంచి ఒక్కో చోట 3-4 నిమిషాలు ఇస్త్రీ. పెట్టెను కదుపుతూ ఉండాలి, లేకుంటే మాడుతది.

మొదటి ఉతుకు వారం తర్వాతే. రంగు దారాల చీర ముక్కలైతే మరిగించకండి, నానబెట్టి సబ్బుతో ఉతికితే చాలు. పట్టుకు సోడా అసలే వద్దు.