రెండు వేల లోపు సెన్సిటివ్ ఫిషింగ్ రాడ్ ఎలా ఎంచుకోవాలి?

పిచ్చాటూరు అరణియార్ జలాశయంలో జిలేబి చేపలు ఎర తినేసి పోతున్నా మీ ఫైబర్ రాడ్‌లో తెలియడం లేదన్నారు. బెండు కట్టి పట్టేవారైతే కొత్త రాడ్ అనవసరం, అక్కడ బెండు కదలికను కంటితో చూస్తే చాలు. ఎరను అడుగుకు వదిలి పట్టేవారికే ఈ సమస్య.

ఫైబర్‌గ్లాస్ బరువు, వంపు ఎక్కువ. చేప కొరికిన అదురును దారిలోనే మింగేస్తుంది. కార్బన్ తేలిక, బిగువు. మీ బడ్జెట్‌లో రెండూ కలిపి చేసినవి దొరికినా పర్వాలేదు. ఒకదాంట్లోంచి ఒకటి లాగే మడత రాడ్ మాత్రం వద్దు, అతుకులు ఎక్కువైతే అదురు తగ్గిపోతుంది. రెండు ముక్కలది, 6 నుంచి 7 అడుగులది, బలం లైట్ లేదా మీడియం లైట్ అని రాసి ఉన్నది చూడండి.

రాడ్ మీద రాసింది నమ్మకుండా అంగట్లోనే చిన్న పరీక్ష చేయండి. పిడిని వదులుగా పట్టుకుని కళ్ళు మూసుకోండి. పక్కవాళ్ళను రాడ్ కొసను గోటితో మెల్లగా గీకమనండి. ఆ గరగర మీ వేళ్ళకు తెలిసిందా? అదే తీసుకోండి. ఇలా మూడు నాలుగు రాడ్లు పట్టి చూస్తే తేడా మీకే అర్థమవుతుంది.

నిజానికి నేనైతే ముందు దారం మారుస్తాను. నైలాన్ సాగుతుంది, అల్లిక దారం (బ్రెయిడ్) దాదాపు సాగదు, అందుకే అదురు బాగా తెలుస్తుంది. అది నీళ్ళలో చేపకు కనబడుతుంది కాబట్టి చివర రెండు మూడు అడుగులు నైలాన్ కట్టండి.

ఇంకోటి, కార్బన్‌లో కరెంటు పారుతుంది. చెరువు కట్ట మీద తీగల కింద రాడ్ ఎత్తకండి.