పోయింది కార్డే, రికార్డు కాదు

అమ్మా,

ఇల్లు లేనివాళ్ళకి గుర్తింపు కార్డులు ఇప్పించే పనిలోకి దిగావని తెలిసి చాలా సంతోషించాను. కార్డు లేని మనిషికి కష్టం చేసే ఒంట్లో సత్తువ ఉన్నా, పనిలో పేరు రాసుకునేవాడు ఉండడు. అందుకే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మొట్టమొదట "ఇంతకు ముందు ఎప్పుడైనా కార్డు తీసుకున్నారా?" అని అడుగు. చాలామందికి ఒకప్పుడు ఉండే ఉంటుంది. వానకి తడిసిపోతుంది, నిద్రలో సంచీ పోతుంది, ఫుట్‌పాత్ ఖాళీ చేయించేటప్పుడు మూటతో సహా చెత్తబండి ఎక్కేస్తుంది. పోయింది కార్డే, రికార్డు ఆఫీసులో అలాగే ఉంటుంది. అలాంటివాళ్ళకి డూప్లికేట్ కార్డు కోసం దరఖాస్తు పెట్టాలి. తెలియక కొత్తదానికి పెడితే, వేలిముద్రలు పాత రికార్డుతో సరిపోలి దరఖాస్తు ఆగిపోతుంది. అది విడిపించుకోవడానికి నెలలు పడుతుంది. పాత నంబరు ఆసుపత్రి డిశ్చార్జి కాగితాల్లోనో, పాత జీతం చీటీలోనో, బ్యాంకు పుస్తకంలోనో, తోడబుట్టినవాళ్ళ దగ్గరో దొరకొచ్చు. ఓపిగ్గా వెతుకు.

అసలెప్పుడూ కార్డు లేనివాళ్ళ సంగతి వేరు. జనన ధృవీకరణ పత్రానికి వెళితే గుర్తింపు అడుగుతారు, గుర్తింపుకి వెళితే జనన పత్రం అడుగుతారు. ఈ ముడి దగ్గరే చాలామంది విసిగి వెనక్కి వచ్చేస్తారు. కౌంటర్లో "ఈ కాగితం లేకపోతే బదులుగా ఏం తీసుకుంటారు?" అని అడిగి, జవాబు రాయించుకో. చాలాచోట్ల ఆశ్రయ గృహం ఇచ్చే లెటరో, ఆ మనిషి తెలిసినవాళ్ళ ప్రమాణ పత్రమో ఒప్పుకుంటారు. జనన రికార్డు వెతికించేటప్పుడు ఒక్క సంవత్సరమే ఇవ్వకు. చెప్పిన ఏడాదికి అటు రెండు, ఇటు రెండు కలిపి చూడమను. దొరకకపోతే "రికార్డు లేదు" అని రాతపూర్వకంగా తీసుకో. ఆలస్యంగా నమోదు చేయించడానికి ఆ కాగితమే ఆధారమవుతుంది.

ఎక్కువ దరఖాస్తులు దెబ్బతినేది పేరు దగ్గర. ఒక కాగితంలో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక. ఒకచోట ఒక అక్షరం ఎక్కువ. చెవితో విని రాయకు. ఉన్నవాటిలో అన్నిటికంటే పాత కాగితం ముందు పెట్టుకుని అక్షరం అక్షరం చూసి రాయి. రాశాక పైకి చదివి వినిపించు. పుట్టిన తేదీ కూడా అన్నిచోట్లా ఒకటే పడాలి.

అడ్రసు కోసం ఉత్తరాలు తీసుకుని దాచిపెట్టే సంస్థతో ముందే మాట్లాడి పెట్టుకో. వాళ్ళిచ్చే లెటర్‌హెడ్ మీద తేదీ, సంతకం చేసినవారి పేరు, హోదా ఉండాలి. ఫొటో అతికిస్తే ముద్ర సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడాలి. లెటరుకి గడువుంటే, ఆఫీసుకి వెళ్ళే తేదీ ఖాయమయ్యాకే రాయించు. కార్డు పోస్టులో వచ్చే రోజుల్లో వారానికోసారైనా వెళ్ళి చూడమని ఆ మనిషికి చెప్పు. తీసుకునేవాళ్ళు లేకపోతే తిరిగి వెళ్ళిపోతుంది.

మట్టి, సిమెంటు పని చేసిన చేతుల్లో వేలి గీతలు అరిగిపోయి ఉంటాయి. ముందురోజు రాత్రి చేతులకి నూనె రాసుకోమను. పొద్దున సబ్బుతో కడిగి బాగా తుడవాలి, లేకపోతే జిడ్డుకి ముద్ర అలికేసినట్టు వస్తుంది. అయినా పడకపోతే వేరే వేళ్ళతోనో, కంటిపాపతోనో తీసుకునే వీలుందేమో అడుగు.

ఫీజు కట్టేముందే మాఫీ ఉందా అని అడుగు. కట్టాక తిరిగి రావడం కష్టం. రసీదు వచ్చిన వెంటనే ఫొటో తీసుకో, ముఖ్యంగా దరఖాస్తు నంబరు కనపడేలా.

ఒక మాట మనసులో పెట్టుకో. ప్రపంచ బ్యాంకు కొన్నేళ్ళ క్రితం వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో దాదాపు 85 కోట్ల మందికి అధికారిక గుర్తింపు లేదు. అయినా నీ దగ్గరికి వచ్చినవాళ్ళు తామే తప్పు చేసినట్టు తల వంచుకుని కూర్చుంటారు. "మీరు" అని పిలువు. వాళ్ళ మూట పెట్టుకోవడానికి చోటు చూపించు. మూట వదిలి రాలేకే చాలామంది ఆఫీసు లైన్లో నిలబడరు.

అసలు కార్డు నీ దగ్గర ఉంచుకోకు, ఎంత బతిమాలినా సరే. జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి వాళ్ళ చేతికే ఇవ్వు. మూడు జిరాక్సులు తీయించి ఒకటి వాళ్ళ దగ్గర, ఒకటి ఆశ్రయ గృహంలో, ఒకటి వాళ్ళు ఒప్పుకుంటేనే నీ ఫైల్లో ఉంచు. కార్డు అందిన రోజునే పేరు, తేదీ, ఫొటో సరిచూడు. తప్పుంటే పని ఇచ్చే యజమానికి చూపించకముందే దిద్దించు.